అందరికీ వచ్చేదే

ఎదుటివారి బాధ చూసి మనం చెప్పే మాటల్లో ఎక్కువసార్లు చెప్పేదీ, తక్కువ ఆలోచించి చెప్పేదీ ఒకటుంది. "అందరికీ వచ్చేదే." మోకాళ్ళు నొప్పులంటే ఆ మాటే. ఇంట్లో పెద్దవారు పోతే ఆ మాటే. నిజానికి అది మంచి మాట. నువ్వు ఒంటరివి కావు, నీకు ముందు ఎందరో ఈ దారిన నడిచి గట్టెక్కారు అనే ధైర్యం అందులో ఉంది. కానీ ఆ మాటకే ఇంకో అర్థం కూడా ఉంది. ఇక నువ్వు చెప్పనక్కరలేదు, నేను విననక్కరలేదు అని. ఒకే మాట ఎప్పుడు ధైర్యమవుతుంది, ఎప్పుడు తలుపు మూయడమవుతుంది? కడుపుతో ఉన్న ఆడదాని బాధను ఎదురుగా పెట్టుకుని ఈ ప్రశ్నను కాస్త ఆలోచిద్దామని నా ప్రయత్నం.

వేవిళ్ళు అనే మాట మనందరికీ తెలుసు. ఆ మాటలో వికారమూ ఉంది, గర్భిణి కోరికలూ ఉన్నాయి. మన చుట్టూ ఉన్న భాషల్లోనూ ఇంతే. తమిళంలో మసక్కై అంటే వాంతులూ, కోరికలూ రెండూ వస్తాయి. కన్నడంలో బయకె అంటే కోరిక. గర్భిణి వాంతుల గురించి చెప్పేటప్పుడూ ఆ మాటే వాడతారు. షోలాపురంలో, భివండీలో ఉన్న మనవారికి మరాఠీ డోహాళే తెలుసు. అది సంస్కృతంలోని దోహదం నుంచి వచ్చిన మాట. ఇన్ని భాషలు ఒక జబ్బునూ, ఒక ముచ్చటనూ ఒకే మూటలో కట్టి ఉంచాయి. అందుకే వేవిళ్ళు అనగానే వినేవారి పెదవుల మీద చిరునవ్వు వస్తుంది. సినిమాలో కథానాయిక పరుగున పోయి వాంతి చేసుకుంటే హాలంతా సంతోషిస్తుంది. చింతకాయలు, మామిడికాయలు, పుట్టింటి నుంచి వచ్చే సారె కళ్ళ ముందు మెదులుతాయి. నేను ఆ ముచ్చటను తప్పుపట్టడం లేదు. అయితే ఆ ముచ్చట వెనకాల ఒక నిజమైన జబ్బు దాగిపోతోందని మాత్రం చెప్పాలి.

గర్భిణుల్లో నూటికి డెబ్బయి, ఎనభైమందికి ఎంతో కొంత వికారం ఉంటుంది. వారిలో ఎక్కువమందికి నాలుగో నెల దాటేసరికి తగ్గిపోతుంది. కానీ నూటికి ఒకరికో, ఇద్దరికో, ముగ్గురికో అది వేరే రూపు దాలుస్తుంది. తిన్నది నిలవదు, తాగిన నీళ్ళు నిలవవు. గర్భానికి ముందున్న బరువులో ఇరవయ్యో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తరిగిపోతుంది. మూత్రం తగ్గి రంగు మారుతుంది. ఒంట్లో లవణాలు తప్పుతాయి. బి1 విటమిను బాగా తగ్గిపోతే మెదడుకే ప్రమాదం రావచ్చు. అందుకే తెలిసిన డాక్టర్లు ఇలాంటివారికి గ్లూకోజు ఎక్కించే ముందు ఆ విటమిను ఇస్తారు. వైద్యులు దీన్ని హైపరెమెసిస్ గ్రావిడేరమ్ అంటారు. మన ఇళ్ళలో దీనికి వేరే పేరు లేదు. పేరు లేదు కాబట్టి వేవిళ్ళలోనే కలిపేస్తాం. కలిపేశాం కాబట్టి, "అందరికీ వచ్చేదే" అంటాం. ఆ మాట నూటికి ఎనభైమంది విషయంలో నిజం. మిగిలిన ఆ ఒక్కరి విషయంలో అబద్ధం.

మా చెల్లెలి కూతురిని డెంకణికోట పక్కన ఒక పల్లెలో ఇచ్చారు. మనవాళ్ళే, తెలుగు మాట్లాడే ఇల్లే. 2019లో దానికి తొలిచూలు. రెండో నెలలో మొదలైన వాంతులు అయిదో నెల దాకా ఆగలేదు. యాభై కిలోల పిల్ల నలభైమూడు కిలోలకు వచ్చింది. తిరగవాత వాసన వస్తే వాంతి, సబ్బు వాసనకు వాంతి, మొగుడు తలకు రాసుకున్న నూనె వాసనకు వాంతి. పెరట్లో కొట్టం పక్కన చాప వేసుకుని పడుకునేది, అక్కడ గాలి ఉంటుందని. ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అత్తగారు రాగిగంజి కాచి ఇచ్చేది, నిమ్మకాయ చేతికిచ్చేది. దాంతో పాటు, "మేం కనలేదా?" అని కూడా అనేది. ఊళ్ళోని ఒక ఆసుపత్రిలో మూడుసార్లు సెలైను ఎక్కించి పంపించారు. అక్కడి డాక్టరమ్మ తమిళంలో ఎలా ఉందని అడిగితే, ఇది "పరవాలేదు" అని ఆ భాషలోనే చెప్పింది. దాని తమిళం సంతలో బేరానికి సరిపోతుంది. ఒంటి బాధ చెప్పుకోవడానికి సరిపోదు. డాక్టరమ్మ కూడా అదే మాట అంది, అందరికీ ఉండేదేనని.

అయిదో నెల చివరకు వాంతులు తగ్గినాయి. ముఖం తేరుకుంది. బిడ్డ కదలిక తెలిసింది. ఏడో నెలలో సీమంతం చేసి చేతుల నిండా గాజులు వేశారు. అందరి లెక్కలో కథ సుఖాంతమైంది. నాకు మాత్రం ఆ పిల్ల చూపు బాగనిపించలేదు. పేరంటాళ్ళు వెళ్ళిపోయాక పక్కన కూర్చుని, "ఎట్లా ఉండావే?" అని అడిగాను. చాలాసేపు గాజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుని అప్పుడు చెప్పింది. "వాంతులు ఆగినాయి పెద్దమ్మా. కానీ పొద్దున లేస్తూనే బకెట్టు ఎక్కడుందో చూసుకుంటా. బిడ్డ కదిలినప్పుడు అందరూ నవ్వినారు. నాకు ఏమీ అనిపించలేదు. ఒకోసారి పొద్దు పుట్టకపోతే బాగుండు అనిపిస్తుంది. ఈ మాట ఎవరికన్నా చెప్తే, బిడ్డ మీద ఇష్టం లేదంటారు." ఆ వారమే దాన్ని బెంగుళూరికి తీసుకుపోయి మనసు డాక్టరుకు చూపించాం. ఆయన తెలుగు మాట్లాడగలగడం మా అదృష్టం. వారానికొకసారి మాట్లాడి, కొద్ది మోతాదులో మందు ఇచ్చి, ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి చెప్పి పంపాడు. కాన్పు బాగా జరిగింది. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది.

ఇక్కడితో అయిపోతే నాకు ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. ఈ మధ్య ఆ అత్తగారు నాతో, "వదినా, నువ్వు టీచరమ్మవు, నీ మాటంటే దానికి గురి. ఒక్క బిడ్డతో ఆపేస్తానంటోంది. నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పు" అంది. నేను చెప్పనన్నాను. ఎందుకు చెప్పనో ఆమెకు నాలుగు ముక్కల్లో చెప్పాను గానీ, నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదిది. ఒకసారి ఈ జబ్బు పడిన స్త్రీకి మరో గర్భంలో కూడా అది వచ్చే అవకాశం మామూలు వారికంటే చాలా ఎక్కువ. అది తెలిసిన మనిషి, వద్దు అంటోంది. ఆమెను స్వార్థపరురాలు అనవచ్చునా? ఆమె బాధ ఎంతో చెప్పవలసింది ఆమెనా, మనమా?

మన తర్కశాస్త్రం జ్ఞానానికి నాలుగు దారులు చెప్పింది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితో చూడటం, గుర్తులను బట్టి ఊహించడం, పోలికను బట్టి తెలుసుకోవడం, నమ్మదగినవారి మాట వినడం. ఇంకొకరి బాధ మనకు ఎన్నటికీ ప్రత్యక్షం కాదు. వాంతి కనబడుతుంది గానీ వికారం కనబడదు. కన్నీరు కనబడుతుంది గానీ దిగులు కనబడదు. అనుమానం కొంతవరకే పనిచేస్తుంది. నవ్వే ముఖాన్ని చూసి, లోపలంతా సరిగా ఉందని ఊహించి మోసపోతాం. ఉపమానం ఇంకా ప్రమాదం. "మేం కనలేదా?" అన్నది ఉపమానమే. తన అనుభవంతో ఎదుటివారి అనుభవాన్ని కొలవడం. ఇక మిగిలింది శబ్దం. అంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరు? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు గొప్ప సంగతి చెప్పాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పదలచినవాడు ఆప్తుడు. ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఈ లక్షణం సమానమే అన్నాడు. అంటే ఆప్తత్వం కులాన్ని బట్టి, చదువును బట్టి రాదు. విషయాన్ని స్వయంగా ఎరగడం వల్ల వస్తుంది. మరి బాధపడుతున్న మనిషి బాధ విషయంలో ఆ మనిషి కంటే ఆప్తులెవరు? డాక్టరు జబ్బుకు ఆప్తుడు కావచ్చు. అత్తగారు తన ఆరు కాన్పులకు ఆప్తురాలు కావచ్చు. ఈ పిల్ల లోపల జరుగుతున్నదానికి ఈ పిల్లే ఆప్తురాలు.

దీనికొక ఆక్షేపణ ఉంది. చెప్పిందల్లా నమ్మితే, పని తప్పించుకోవడానికి బాధ నటించేవారు ఉండరా? ఉంటారు. అయితే రెండు పొరపాట్లనూ పక్కపక్కన పెట్టి తూచి చూడండి. బాధ లేనిదాన్ని నమ్మితే పోయేదేమిటి? పది రోజులు ఇంకొకరు వంట చేస్తారు, ఇంకొకరు ఆవును చూసుకుంటారు. బాధ ఉన్నదాన్ని నమ్మకపోతే పోయేది ఒక మనిషి ఒళ్ళు, మనసు, ఒక్కోసారి ప్రాణం. ఈ రెండు నష్టాలూ సమానం కావు. సమానం కానప్పుడు నమ్మే వైపుకే మొగ్గు చూపడం న్యాయం.

నమ్మకపోవడం పల్లెల్లోనే, చదువులేనివారిలోనే ఉందనుకోవద్దు. ఇంగ్లీషు నవలారచయిత్రి షార్లెట్ బ్రాంటే 1854 జూన్‌లో పెళ్ళి చేసుకుని 1855 మార్చి 31న చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 38 ఏళ్ళు, గర్భవతి. మరణ పత్రంలో క్షయ అని రాశారు. ఆఖరి నెలల్లో ఆమె పడిన వికారం, నీరసం గురించి ఆమె జీవిత చరిత్రలో చదివిన తరువాతివారు చాలామంది, ఆమెను తీసుకుపోయింది ఈ జబ్బే అయి ఉంటుందని భావించారు. ఆమె కాలంలో సెలైను లేదు, చేయగలిగింది తక్కువ. కానీ ఇరవయ్యో శతాబ్దంలో, చేయగలిగింది ఉన్న కాలంలో, ఇంకో అన్యాయం జరిగింది. ఫ్రాయిడు దారి పట్టిన కొందరు వైద్యులు, ఈ వాంతులు బిడ్డను కోరుకోని మనసు చేసే పని అన్నారు. బిడ్డను నోటి ద్వారా బయటకు తోసివేయాలని ఆమె లోలోపల కోరుకుంటోందట. అలాంటి స్త్రీలను అయినవారికి దూరంగా, ఒంటరిగా గదిలో ఉంచడమే వైద్యమని నమ్మినవారూ ఉన్నారు. ఒళ్ళు పడుతున్న బాధకు మనసును దోషిని చేశారు.

ఆ సిద్ధాంతం నిలవలేదు. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన జి.డి.ఎఫ్.15 అనే హార్మోనును చూపించింది. గర్భంలో పిండం, మావి వైపు నుంచి ఈ హార్మోను తల్లి రక్తంలోకి ఎక్కువగా వస్తుంది. అది మెదడులో వికారం పుట్టించే చోట పనిచేస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో ఇది తక్కువగా ఉన్న స్త్రీలు ఆ పోటును తట్టుకోలేరు. ముందునుంచే ఎక్కువగా ఉన్నవారికి అంత బాధ ఉండదు. బీటా తలసీమియా ఉన్న స్త్రీల రక్తంలో ఇది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, వారికి గర్భంలో వికారం తక్కువ. ఈ పరిశోధనలో ముఖ్యపాత్ర వహించిన శాస్త్రవేత్తల్లో మార్లీనా ఫెజో ఒకరు. ఆమె 1999లో తానే ఈ జబ్బు పడి, గర్భంలోని బిడ్డను పోగొట్టుకుంది. ఆమెకు వైద్యం చేసిన డాక్టరు కూడా, నలుగురి దృష్టి తన మీద పడాలని ఆమె ఇదంతా చేస్తోందన్నట్టు మాట్లాడాడట. నమ్మని మాటను రుజువు చేయడానికి ఆమెకు ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, హార్మోను దొరకకముందు కూడా ఆ స్త్రీల బాధ ఇంతే నిజం. రక్తపరీక్ష వచ్చేదాకా మనిషి మాటకు విలువ లేదనుకుంటే, ఇంకా పరీక్ష రాని బాధలన్నీ అబద్ధాలే కావాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఇది ఒంటి జబ్బేనని తేలింది, మనసు జబ్బు కాదని కొందరు ఊపిరి పీల్చుకుంటారు. మనసు జబ్బయితే ఏదో తక్కువైనట్టు. కానీ నెలల తరబడి నీరు కూడా నిలవని ఒంట్లో ఉన్న మనసు చెక్కుచెదరకుండా ఎలా ఉంటుంది? లండన్‌లో చేసి 2020లో ప్రకటించిన ఒక పరిశీలనలో, ఈ జబ్బుతో బాధపడినవారిలో దాదాపు సగం మందికి గర్భంతో ఉండగానే కుంగుబాటు కనబడింది. ఈ జబ్బు లేని గర్భిణుల్లో అది చాలా తక్కువమందికే ఉంది. కాన్పు తరువాత కూడా ఆ తేడా పోలేదు. ఒళ్ళు మనసును గాయపరిచింది. వాంతులు ఆగిన రోజే మనసు కూడా కోలుకోవాలని నియమమేమీ లేదు. కాలు విరిగినవాడు కట్టు విప్పిన రోజే పరుగెత్తడు కదా.

మన భాషలో దీనికి మాటలు లేకపోలేదు. బెంగ ఉంది, దిగులు ఉంది. అయితే బెంగ అంటే ఎవరి మీద అంటారు. దిగులు అంటే దేనికి అంటారు. మొగుడు మంచివాడు, బిడ్డ బాగుంది, వాంతులు కూడా పోయినాయి, ఇంకా దిగులు దేనికి? కారణం చూపలేని దిగులుకు మన దగ్గర చోటు లేదు. అందుకే ఏడో నెలలో, ఎనిమిదో నెలలో ఆడపిల్లలు నోరు మూసుకుంటారు. వాంతులప్పుడు కనీసం మంచినీళ్ళిచ్చేవారైనా ఉంటారు. ఇప్పుడు ఇవ్వడానికి ఏం కావాలో కూడా ఎవరికీ తెలియదు.

మందుల భయం సంగతి. కడుపుతో ఉన్నప్పుడు మందు మింగకూడదని పెద్దలు అనడం మూర్ఖత్వం కాదు. దాని వెనక చరిత్ర ఉంది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడు అనే మాత్రను వేవిళ్ళకు కూడా ఇచ్చారు. 1961 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకునేటప్పటికి వేలమంది బిడ్డలు చేతులూ కాళ్ళూ సరిగా లేకుండా పుట్టారు. ఆ భయం న్యాయమైనది. కానీ భయానికి కూడా ఖరీదు ఉంటుంది. డాక్సిలమిను, పిరిడాక్సిను కలిపిన మాత్ర విషయం చూడండి. దాని మీద అమెరికాలో వరుసగా దావాలు పడితే, 1983లో తయారుచేసేవారే అమ్మకం ఆపేశారు. బిడ్డలకు హాని చేస్తుందన్న ఆరోపణ పరిశోధనల్లో నిలవలేదు. అయినా 2013లో గానీ ఆ మాత్రల కలయిక అక్కడ మళ్ళీ అనుమతి పొందలేదు. ఆ ముప్పయి ఏళ్ళ జాగ్రత్తకు ఖరీదు కట్టింది కంపెనీలు కావు, కోర్టులు కావు. పేరు తెలియని ఎందరో ఆడవాళ్ళు. మన దేశంలో ఆ మాత్ర డాక్టర్లు మామూలుగా రాసేదే. మందు వద్దనేవాళ్ళు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. మందు లేకపోతే జరిగేదాన్ని భరించేది ఎవరు?

ఇక ఓర్పు. మన నీతిగ్రంథాలన్నీ ఓర్పును పొగిడినాయి. నేనూ పొగుడుతాను. అయితే ఓర్పు అనేది ఎవరికి వారు పాటించే గుణం. ఇంకొకరి చేత పాటింపజేస్తే అది ఓర్పు కాదు. దానం నా జేబులోంచి చేస్తే పుణ్యం, మీ జేబులోంచి తీసి చేస్తే దొంగతనం. ఇంకొకరి ఓర్పు మీద మనం పుణ్యం సంపాదించడం కూడా అలాంటిదే. అయినా ఆ అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆమె ఆరుగురిని కన్నది. ఒక్క కాన్పులోనూ ఎలా ఉన్నావని ఆమెను అడిగినవారు లేరు. ఈ కోడలి బాధ నిజమని ఒప్పుకుంటే, తన బాధ కూడా నిజమేనని, దాన్ని ఎవరూ పట్టించుకోలేదని ఒప్పుకోవలసి వస్తుంది. అరవై ఏళ్ళు దాటాక అంత పాత లెక్కలు విప్పడం ఎవరికైనా కష్టమే. "మేం కనలేదా?" అనే మాటలో గర్వం కంటే గాయం ఎక్కువ ఉందని నాకు అనిపిస్తుంది.

మన పాత వైద్యగ్రంథాలు గర్భిణి మాటను తీసిపారేయలేదు. నాలుగో నెలలో పిండానికి హృదయం ఏర్పడుతుందని, అప్పుడు ఆ స్త్రీ రెండు హృదయాలు కలది అవుతుందని, ఆమె కోరికలు తీర్చాలని సుశ్రుత సంహిత చెప్తుంది. ఎంత చక్కని ఊహ! కానీ ఎందుకు తీర్చాలి? తీర్చకపోతే బిడ్డ వైకల్యంతో పుడుతుందని. ఈనాటికీ మనం ఇలాగే మాట్లాడుతున్నాం. "బిడ్డ కోసమైనా తిను", "బిడ్డ కోసమైనా నవ్వు", "నువ్వు దిగులు పడితే బిడ్డకు తగులుతుంది". దిగులుగా ఉన్న పిల్ల నెత్తిన, దిగులు పడుతున్నందుకు ఇంకో నేరం మోపడమే ఇది. ఆమెను చూసుకోవడానికి బిడ్డ అనే కారణం అక్కరలేదు. ఆమె మనిషి, బాధలో ఉంది, అది చాలు. మన చట్టం సైతం ఇది గుర్తించింది. 1971 నాటి గర్భస్రావ చట్టం స్త్రీ ప్రాణానికి, ఒంటికి కలిగే హానితో పాటు మనసుకు కలిగే తీవ్రమైన హానిని కూడా లెక్కలోకి తీసుకుంది. చట్టం ఒప్పుకున్న మాటను ఇల్లు ఒప్పుకోవడానికి ఇంకా ఎన్నాళ్ళు కావాలి?

ఈ పత్రిక చదివేవారికి ఇంకో మాట చెప్పాలనిపిస్తుంది. మనం ఉన్న చోట్ల మనం కొద్దిమందిమి. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, తెలుగు బడి కావాలని, తెలుగులో పుస్తకాలు కావాలని అడిగితే వచ్చే జవాబు మనకు అలవాటే. అందరికీ ఈ భాష సరిపోతోంది కదా, మీకెందుకు చాలదు? ఎంతమంది ఉన్నారు మీరు? 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం, చిన్న పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమని రాష్ట్రాలను కోరింది. ఎక్కువమందికి లేని అవసరం కొద్దిమందికి ఉండవచ్చునని ఒప్పుకోవడమే దాని సారం. లెక్కకు తక్కువైనంత మాత్రాన అవసరం అబద్ధం కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? అలాంటి మనం, మన ఇంట్లో నూటికి ఒకరైన ఆడపిల్లతో, "అందరూ భరించారు కదా" అనడం తగునా?

ఆ రెండో బిడ్డ ప్రశ్నకు నా జవాబు ఇదే. కావాలంటే కననివ్వండి, ముందే డాక్టరుతో మాట్లాడి, మొదటి వారాల నుంచే మందు పెట్టుకుని, తోడు నిలబడండి. వద్దంటే ఆ మాటను గౌరవించండి. వద్దనడం బిడ్డల మీద ప్రేమ లేకపోవడం కాదు. నిప్పు ఎంత కాలుస్తుందో ఎరిగినవారు చెప్పే మాట అది.

ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే కొన్ని పనులు చేయవచ్చు. ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకపోతే, మూత్రం బాగా తగ్గితే, బరువు తరుగుతుంటే వేవిళ్ళేలే అని ఆగవద్దు. ఆసుపత్రిలో ఆమెకు భాష రాకపోతే వచ్చినవారు పక్కన నిలబడి, ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పండి, మీ అభిప్రాయం కలపకండి. వాంతులు ఆగాక కూడా గమనించండి. రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేనిమీదా ఇష్టం లేకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా డాక్టరుకు చూపించండి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి వైద్యం చేసే విభాగం 2009 నుంచి ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ రాష్ట్రం నుంచైనా డబ్బు లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

వీటన్నిటికీ ముందు చేయవలసింది ఒకటుంది. దానికి డబ్బు అక్కరలేదు. "బిడ్డ ఎలా ఉంది?" అని అడిగే ముందు, "నువ్వెలా ఉన్నావు?" అని అడగండి. మొదటిసారి పరవాలేదు అంటుంది. అది జవాబు కాదు, మర్యాద. పక్కన కూర్చుని ఇంకోసారి అడగండి. అప్పుడు చెప్పేది మనకు నచ్చకపోవచ్చు, అర్థం కాకపోవచ్చు. అయినా అది ఆప్తవాక్యం. సుశ్రుతుడు చెప్పిన ఆ రెండు హృదయాల్లో ఒకటి ఆమెదే కదా.